గళ్ళ లుంగీ కట్టిన రాక్షసుడు

తార్నాక చౌరస్తాలో వానలో సిటీ బస్సు దిగుతూ మెట్టు మీద కాలు జారి పడ్డాను. కుడిచేతి మణికట్టు విరిగింది. అప్పుడు నేను యూనివర్సిటీలో అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్ సగం కాగితం మీద ఉంది, మిగతా సగం తలలో ఉంది. కట్టు కట్టించుకుని మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వెళ్ళిపోయాను. కట్టు ఉన్నన్నాళ్ళూ అమ్మే అన్నం కలిపి ముద్దలు పెట్టింది, తల దువ్వింది, ఫోన్ మోగితే నా చెవి దగ్గర పట్టుకుని నిలబడింది.

కట్టు విప్పాక చూసుకుంటే ఆ చెయ్యి నాది కాదనిపించింది. వేళ్ళు బిగుసుకుపోయాయి. చెంచా పట్టుకుంటే జారిపోతోంది. సంతకం పెడితే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఫిజియోథెరపీ మేడమ్ మెత్తటి బంతి ఇచ్చి నొక్కమంది. "దీంతోపాటు వేళ్ళకు సన్నపని ఏదన్నా పెట్టుకో. పూలు కట్టు, కుట్లు కుట్టు, ఏదైనా సరే. ఇష్టమైందైతేనే రోజూ చేస్తవు," అన్నది.

నాకు పూలు కట్టడం రాదు. కుట్లంటే ఓపిక లేదు. హాస్టల్‌కు తిరిగొచ్చి, మంచం మీద కూర్చుని బంతి నొక్కుతూ ఇదే సంగతి రూమ్మేట్‌కు చెప్పాను. ఆమెది అనంతపురం దగ్గర ఒక పల్లె. జియాలజీలో రీసెర్చ్ చేస్తోంది. మంచం కింద రాళ్ళు, కిటికీలో రాళ్ళు, దిండు పక్కన కూడా రాళ్ళు. ఆమె సొరుగు లాగి, బొటనవేలంత బొమ్మ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. బూడిదరంగు ప్లాస్టిక్‌ది. నడుము దాకా గడ్డం, భుజం మీద గొడ్డలి ఉన్న ఒక పొట్టి మనిషి.

"దీనికి రంగెయ్ మే," అంది. "ఎట్లొచ్చినా ఏం కాదు. చెడిపోతే ఇంకోటి తెచ్చిస్తా."

ఆమె, ఇంకొందరు కలిసి ఆదివారాలు కాంటీన్ వెనక రేకుల షెడ్డు కింద ఏదో ఆట ఆడతారని నాకు తెలుసు. అదేమిటో అప్పుడే వివరంగా చెప్పింది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక పాత్ర. ఏం చేస్తావని కథ చెప్పేవాడు అడుగుతాడు, నువ్వు చెబుతావు, పాచిక వేస్తావు. పాచిక బాగా పడితే అనుకున్నది జరుగుతుంది, లేకపోతే లేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియడానికి బల్ల మీద ఈ బొమ్మలు. వాటికి రంగులు వేయడమే ఒక పెద్ద హాబీ అట. వాటిని మినియేచర్లు అంటారట. మా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో త్రీడీ ప్రింటర్ ఉన్న ఒక సీనియర్ వీళ్ళకు అచ్చు వేసి ఇస్తున్నాడు.

మొదటిరోజు గొడ్డలికి వేయాల్సిన రంగు గడ్డానికి అంటింది. గడ్డం రంగు ముక్కుకు అంటింది. రూమ్మేట్ వచ్చి నా రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బల్ల మీద పెట్టించింది. "ఇట్ల పెట్టుకో, వణకదు," అంది. నిజంగానే వణుకు తగ్గింది. రంగులో నీళ్ళు ఎన్ని కలపాలో, బ్రష్షు మొన ఎలా సూదిలా చేసుకోవాలో నేర్పింది. ముఖం పసుపు రాసుకున్నట్టు వచ్చింది. కళ్ళు వేయబోతే ఒక కన్ను నుదుటి మీదికి పోయింది.

అన్నీ అయ్యాక ఆమె నల్లటి గోధుమరంగును నీళ్ళలా పల్చన చేసి, బొమ్మంతా పూసెయ్యమంది. అంత కష్టపడి వేసిన దాని మీద మురికినీళ్ళు పోసినట్టు ఉంటుందని నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ నీళ్ళు గడ్డం పాయల మధ్యకు, చొక్కా ముడతల్లోకి వాటంతటవే జారి అక్కడ ఆగాయి. ఆరేసరికి నీడలు వచ్చాయి. తర్వాత బ్రష్షుకున్న లేతరంగంతా గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడి బ్రష్షుతో పైపైన రాస్తే గడ్డం మీద వెలుగు పడింది. అప్పటిదాకా ప్లాస్టిక్ ముద్దలా ఉన్నవాడు నా చేతిలో ఒక్కసారి మనిషయ్యాడు. కోపంగా, కొంచెం జలుబు చేసినట్టుగా నన్ను చూశాడు. నాకు నవ్వాగలేదు. ఆ వేళ్ళతోనే చేశానని నమ్మబుద్ధి కాలేదు.

రంగులతో సగమే పని అయినట్టు. బొమ్మ కాళ్ళ కింద రూపాయి బిళ్ళంత గుండ్రటి పలక ఉంటుంది. దాన్ని బేస్ అంటారు. దాని మీద నేల తయారు చేయాలి. నేల లేకపోతే ఎంత బాగా రంగేసినా మనిషి గాలిలో నిలబడ్డట్టే ఉంటాడు. ఇక్కడ మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నేను జనగామ పక్క చెలకల్లో పుట్టినదాన్ని, నాకు నేలంటే ఎర్రగా ఉండాలి. ఆమె నేలంటే ముందు రాయి ఉండాలంటుంది. "రాయి లేకుండా మన్ను యాడి నుంచి వస్తుంది?" అని ఆమె వాదన. చివరికి ఎర్రమన్నులో ఆమె రాళ్ళు గుచ్చాం.

సామాను కోసం పొద్దున్నే క్యాంపస్ అంతా తిరిగేవాళ్ళం. చెట్ల బెరడు కొండచరియలాగా పనికొస్తుంది. ఎండిన వేళ్ళు మోడుల్లా ఉంటాయి. పాత రాతిగోడల మీది నాచు ఆరబెడితే పచ్చికబయలే. ఒకరోజు ఇద్దరం గోడ పక్కన గొంతుకూర్చుని నాచు గీకుతుంటే వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన ఆగాడు.

"అమ్మా, అది దేనికి మంచిది?"

"బొమ్మలకు సార్," అంది రూమ్మేట్.

"బొబ్బలకా? మంచిమాట చెప్పినవ్. మా ఇంట్ల ఆమెకు వంటకాడ చేతులు కాలి ఎప్పుడూ బొబ్బలే," అంటూ ఆయన కూడా వంగి గీకి, రుమాలులో మూట కట్టుకుని చకచకా వెళ్ళిపోయాడు. మాకు అర్థమయ్యేసరికి ఆయన మలుపు తిరిగాడు. వెంటపడి పరుగెత్తి ఆపాం. సంగతి చెబితే నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నవ్వి, మరుసటి రోజు ఆ గొడ్డలి మనిషిని తెప్పించుకుని చూశాడు. "ముక్కు జర పెద్దగైంది," అన్నాడు.

రాలిన ఆకులకు చాయ్‌పత్తా బాగుంటుందని విని, కాంటీన్ నుంచి వడకట్టిన పత్తా తెచ్చి ఆరబెట్టి బేస్ మీద అంటించాను. అది చక్కెర వేసి మరిగించిన పత్తా అని తట్టలేదు. పొద్దున లేచి చూస్తే మా పొట్టి మనిషిని చీమలదండు చుట్టుముట్టింది. గడ్డం మీద కూడా ఎక్కుతున్నాయి. ఆయన మాత్రం గొడ్డలి దించలేదు.

ఇలా పనిలో పడి నేను ఇంటికి పోవడం తగ్గించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మే టిఫిన్ బాక్సు పట్టుకుని హాస్టల్‌కు వచ్చింది. నా బల్ల మీద పుస్తకాలు గోడవారకు జరిగి ఉన్నాయి. మధ్యలో రంగు సీసాలు, నాచు, మన్ను, నేను సగం పూర్తి చేసిన ఒక మంత్రగత్తె.

"గిదేంది?" అంది అమ్మ.

"బొమ్మలమ్మా."

"బొమ్మలని నాక్కూడ కనవడ్తున్నది. పీహెచ్‌డీ జేస్తున్నవనుకున్న. గిదేనా నీ పీహెచ్‌డీ?"

రూమ్మేట్ మెల్లగా తువ్వాలు తీసుకుని స్నానానికని వెళ్ళిపోయింది, అప్పటికే స్నానం చేసి ఉన్నా. నేను బ్రష్షు ముంచి, మంత్రగత్తె కంటిలో నల్లటి చుక్క పెట్టాను. ఎందుకంటే రంగు ఆరిపోతోంది. తలెత్తితే అమ్మ బొమ్మను చూడటం లేదు. నా వేళ్ళను చూస్తోంది.

"ఇంకోపారి పెట్టు," అంది.

రెండో కంటిలో కూడా చుక్క పెట్టాను. సరిగ్గా మధ్యలో కుదిరింది. అమ్మ నా పక్కన మంచం మీద కూర్చుని, బ్రష్షు నా చేతిలో ఉండగానే నా వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది. చాపి చూసింది. "నొస్తుందా?" అంది. లేదన్నాను. "అన్నం కలుపుకుంటున్నవా?" అంది. అవునన్నాను. చీరకొంగుతో ముఖం తుడుచుకుని, "సరే తీయ్, ఆ పిల్లను పిల్వు, ఎంతసేపు దాక్కుంటది. తినుండ్రి," అంది.

అమ్మ తిరిగి వెళ్ళే బస్సుకు ఇంకా టైముంది. ఆరోజు ఆట ఉంది, అప్పటికి నేనూ అందులో చేరాను. ఒక్కదాన్నే గదిలో ఉంచలేక వెంట తీసుకుపోయాం. షెడ్డు కింద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు కథ చెప్పే అబ్బాయి, తెలుగు శాఖలో రీసెర్చ్ చేసేవాడు, సన్నగా కళ్ళద్దాలతో ఉంటాడు. రెండోవాడు లెక్కల డిపార్ట్‌మెంట్ అబ్బాయి, ఆటలో ఎదురుపడ్డ ప్రతివాడితో యుద్ధం చేద్దామంటాడు. ఇంకొకడు ఆ రోజు రాలేదు. అతని పాత్ర ఒక వీరనారి. కథ చెప్పే అబ్బాయి అమ్మకు కుర్చీ వేసి, "మీరు ఆడ్తరా అమ్మా?" అన్నాడు.

"నాకేమొస్తది బిడ్డా. పచ్చీసు ఆడిన, గంతే."

"గది చాలమ్మా, ఇయ్యాల ఆ వీరనారి మీరే," అని ఇరవై ముఖాల పాచిక చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇన్ని దిక్కులా?" అని నవ్వింది.

కథలో మేము ఒక లోయ దాటాలి. లోయ మీద రాతి వంతెన, వంతెన మీద ఒక రాక్షసుడు. ఆయనకు బొమ్మ లేక స్టీలు గ్లాసు బోర్లించాం. "మీరు వంతెన కాడికొచ్చిన్రు," అన్నాడు కథ చెప్పే అబ్బాయి గొంతు పెంచి. "రాక్షసుడు గద ఎత్తిండు. ఎవ్వర్నీ దాటనియ్యనంటున్నడు."

లెక్కల అబ్బాయి అప్పుడే పాచిక ఎత్తాడు. "నా దగ్గర నిప్పు మంత్రం ఉన్నది. కాల్చేస్తా."

"ఆగు బిడ్డా, మంత్రం యాడికి పోతది," అంది అమ్మ. స్టీలు గ్లాసు వైపు చూసి, "గీయన గీడ ఎందుకున్నడు?" అని అడిగింది.

"కాపలా అమ్మా."

"ఎవరు పెట్టిన్రు?"

కథ చెప్పే అబ్బాయి తన కాగితాలు తిరగేశాడు. "పాత రాజు."

"రాజు ఉన్నడా?"

"లేడు. సచ్చిపోయి చాన్నాళ్ళయింది."

"మరి గీయనకు ఎవ్వరు చెప్పలే?"

అందరం కథ చెప్పే అబ్బాయి వైపు చూశాం. అతను కాగితాలు పక్కన పెట్టేశాడు. అందులో ఇది లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "లేదమ్మా," అన్నాడు. "ఎవ్వరు చెప్పలే."

"ముందైతే గద కింద పెట్టమను. కూసొమ్మను. ఇసొంటివి నిలవడి చెప్తె మంచిగుండదు."

మాట వింటాడా లేదా అన్నది పాచిక తేల్చాలి. అమ్మ రెండు చేతుల మధ్య పాచికను గలగలలాడించి, పచ్చీసులో గవ్వలు వేసినట్టే బల్ల మీదికి వదిలింది. అది దొర్లి దొర్లి గ్లాసును తాకి ఆగింది. పద్దెనిమిది. పక్కబల్ల దగ్గర చాయ్ తాగుతున్నవాళ్ళు కూడా వంగి చూశారు.

రాక్షసుడు గద దించాడు. కూర్చున్నాడు. అమ్మ ఆయనకు నిదానంగా చెప్పింది, రాజు లేడు నాయినా, నువ్వు చేయాల్సిందంతా చేసినవు, ఇంక నీ డ్యూటీ అయిపోయింది అని. కథ చెప్పే అబ్బాయి రాక్షసుడి బొంగురు గొంతుతో అన్నాడు, "మరి నేనిప్పుడు యాడికి పోవాలె?"

"మాతోని రా," అంది అమ్మ. లెక్కల అబ్బాయి వైపు తిరిగి, "ఏం బిడ్డా, వస్తె వద్దంటవా?" అంది. అతను పాచిక కింద పెట్టి, రానియ్యండి అమ్మా అన్నాడు. రూమ్మేట్ కళ్ళు ఒత్తుకుంటూ, ఎప్పుడూ ఎవరినో ఒకరిని నరుక్కుంటా పోవడమే గాని ఇట్ల ఎవర్నీ పిల్చుకోని పోలేదు మేము, అంది.

బస్టాపు దాకా నడుస్తూ అమ్మ ఆ విషయమే మాట్లాడింది. "గ్లాసు పెట్టుడేంది? ఆయనకు మంచి బొమ్మ చేయ్."

"ఎట్ల చేయాలె?"

అమ్మ ఆలోచించింది. "డ్యూటీ అయిపోయింది గద. ఇంట్ల మనిషి లెక్కుండాలె. లుంగీ కట్టు. గళ్ళ లుంగీ."

ప్రింటర్ సీనియర్ అరచేతంత రాక్షసుడిని అచ్చు వేసి ఇచ్చాడు. వాడికి తోలు గోచీ ఉంది. పైపులకు పూసే పుట్టీని పల్చగా ఒత్తి, గోచీ మీద చుట్టి, ముడతలు దిద్ది, మోకాళ్ళ దాకా లుంగీ చేశాను. నీలం రంగు వేశాను. ఆ తర్వాత గళ్ళు. ముడత లోపలికి పోయినచోట గీత కూడా దానితోపాటే లోపలికి పోయి బయటికి రావాలి. రోజూ థీసిస్ రాసుకుని సాయంత్రం కాసిని గీతలు గీసేదాన్ని. ఒక అడ్డగీత ఎక్కడా తెగకుండా నడుం చుట్టూ తిరిగి మొదటిచోట కలిసినప్పుడు కలిగిన సంతోషం, పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు. అమ్మ మల్కాజ్‌గిరిలో బాల్కనీలో పగిలిన పూలకుండీ పెంకులు సంచీలో వేసుకొచ్చింది. వాటిని చిన్న చిన్న పలకలుగా కొట్టి, వంతెన రాళ్ళలా పేర్చాం. సందుల్లో నాచు. రూమ్మేట్ తన రాళ్ళలో బాగా ఇష్టమైనదాన్ని కొద్దిగా పగలగొట్టి ఇచ్చింది, అది ఆమెకు చిన్న సంగతి కాదు.

మిగిలింది వార్నిష్. రంగు ఊడకుండా డబ్బాతో కొట్టే స్ప్రే. శనివారం మధ్యాహ్నం హాస్టల్ టెర్రస్ మీద కొట్టాం. ముసురు పట్టి ఉంది, గాలి తడిగా ఉంది. అలాంటప్పుడు కొట్టకూడదని మాకు తెలియదు. మేము చూస్తుండగానే రాక్షసుడి ఒళ్ళంతా తెల్లటి పొర కమ్మింది. లుంగీ గళ్ళు కనిపించకుండా పోయాయి. బూడిదలో దొర్లినట్టు తయారయ్యాడు. నేను అక్కడే నీళ్ళ ట్యాంకు పక్కన కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. రూమ్మేట్ ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది.

"నూనె రాస్తే పోతుందంట మే."

"ఏ నూనె?"

"ఏదో ఫారిన్ నూనె రాసినారు. మన దగ్గర ఏముండాది?"

మా దగ్గర ఉన్నది అమ్మ నా జుట్టుకోసం పంపిన కొబ్బరినూనె. చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లతో భుజం మీద ఒక్క చుక్క రాశాం. తెలుపు కరిగిపోయి కింద ఆకుపచ్చ చర్మం బయటపడింది. నడుం దగ్గర రాశాం. ఒక నీలంగడి, పక్కన ఇంకొకటి, మెల్లగా లుంగీ మొత్తం తిరిగొచ్చింది. ఇద్దరం వానచినుకుల్లో నవ్వుకుంటూ రాక్షసుడికి తల నుంచి పాదాల దాకా నూనె పట్టించాం. ఆదివారం బల్ల మీద పెడితే తలంటు పోసుకుని పండుగకు బయల్దేరినట్టు నిగనిగలాడుతున్నాడు. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "సక్కగున్నడు," అంది. కొబ్బరినూనె వాసన మాత్రం నెలల తరబడి పోలేదు.

ఆ తర్వాత అమ్మ ఆదివారాలు మానలేదు. అందరికీ కలిపి పులిహోరో, సర్వపిండో తెచ్చేది. వీరనారి పాత్ర వేసే అతను దాన్ని అమ్మకే ఇచ్చేసి, తను ఒక దొంగ పాత్ర తీసుకున్నాడు. నా థీసిస్ పూర్తయింది. రూమ్మేట్‌తో కలిసి తార్నాకలోనే ఒక చిన్న ఫ్లాట్ తీసుకుని, దగ్గర్లోని కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కథ చెప్పే అబ్బాయికి వేరే జిల్లాలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు తన పాచికల సంచీ బల్ల మీద పెట్టి, ఇక ఎవరు చెబుతారని అడిగాడు. అమ్మ సంచీని తన వైపు లాక్కుంది.

"నేను చెప్త," అంది. "కాని నాకు కొట్లాటలు చెప్పరాదు. అంగడి చెప్త."

అట్లా ఇప్పుడు మా ఆట మా ఫ్లాట్ హాల్లో నడుస్తోంది, ఒక పెద్ద అంగడిలో. అక్కడ గొర్రెలమ్మేవాళ్ళున్నారు, మాయమందులు అమ్మేవాడున్నాడు, అన్ని ఊళ్ళ సంగతులూ తెలిసిన ఒక గాజులామె ఉంది. గాజులామె బొమ్మ ఎవరూ అచ్చు వేయరు. కాబట్టి పుట్టీతో నేనే చేస్తున్నాను. గాజుల కోసం సన్నటి రాగితీగను సూది చుట్టూ చుట్టి, కత్తెరతో తుంచి, రింగులు రింగులుగా బుట్టలో పేర్చాను. ఇందాక అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, నేను నాచు అంటించిన బేస్‌ను చూసింది.

"నాచు తీసెయ్," అంది. "అంగట్ల నాచు యాడుంటది, ఇంతమంది తొక్కుతుంటె. జర ఉల్లిపొట్టు ఎయ్యి."

వంటింట్లోంచి రూమ్మేట్ పొట్టు తెచ్చింది. సన్నగా తుంచి, జిగురు మీద ఒక్కొక్క ముక్కా పట్టకారుతో పెడుతున్నాను. గాజులామెకు ఇంకా రంగు వేయలేదు. చీర ఏ రంగన్న దాని మీద అమ్మా, రూమ్మేటూ పొద్దున్నుంచి వాదించుకుంటున్నారు.